మందనమ్మి డబ్బా తెచ్చిన మామ

ఏ కంప్యూటర్ వయసైనా దాని నోరు తెరిచి చూస్తేనే తెలుస్తుందని మా పెద్దమామ నమ్మేవాడు. పెట్టె మీద కంపెనీవాళ్ళు ఏం రాశారో ఆయనకు అనవసరం. డబ్బా ముందు గొంతుకూర్చుని, సీడీ పెట్టే అర మీట నొక్కేవాడు. అది నాలుక చాపినట్టు బయటికి రాగానే తల పక్కకు వంచి లోపలికి తొంగి చూసేవాడు. లోపల ఏముంటుంది, దుమ్ముంటుంది. ఆయన మాత్రం లేచి మోకాళ్ళు దులుపుకుని తీర్పు చెప్పేవాడు.

"నాలుగు పండ్లది. ఇంకా మస్తు మేస్తది."

మా అమ్మ పుట్టింటివాళ్ళది బషీరాబాద్ దగ్గర ఊరు. తరతరాలుగా గొర్రెల కాపరులు. అంగట్లో గొర్రెను కొనేవాడు ముందుగా దాని కింది పెదవి లాగి పళ్ళు చూస్తాడు. పెద్ద పళ్ళు రెండు వస్తే రెండు పళ్ళది, ఆ తర్వాత నాలుగు, ఆరు, ఎనిమిదైతే నోరు నిండినట్టు. అక్కణ్ణుంచి అరగడం, ఊడడం. పళ్ళు లేనిది మేయలేదు, మేయలేనిది మందలో ఉండదు. ఇంతే శాస్త్రం. మామ దీన్ని యథాతథంగా తెచ్చి కంప్యూటర్లకు తగిలించాడు.

మొన్న వికారాబాద్‌లో నేను పనిచేసే కంప్యూటర్ల షాపుకి ఒక సారు వచ్చాడు. కొత్త ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "తమ్మీ, ఇది ఎన్నేండ్లొస్తది?" అన్నాడు. నాకు తెలియకుండానే నా వేళ్ళు దాని పక్కన తడుముతున్నాయి.

"ఏం దేవులాడుతున్నవ్?"

"దీని నోరు సార్," అన్నాను.

సారు ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి పక్క షాపుకి వెళ్ళిపోయాడు. అప్పటికి మామ పోయి రెండు నెలలు. మనిషి పోయాక కూడా నా గిరాకీ చెడగొట్టగలడని ఆ రోజే తెలిసింది.

ఆయన మా అమ్మకు పెద్దన్న. తాత మందను పంచినప్పుడు తన వాటాకొచ్చిన గొర్రెలన్నిటినీ అమ్మి తాండూరులో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు కొని పెళ్ళి పత్రికల షాపు పెట్టాడు. నేనప్పటికి పలక కూడా పట్టలేదు, ఇంట్లో విన్న కథే చెబుతున్నాను. అంగట్లోకి ఒక వైపు నుంచి మంద నడుచుకుంటూ వెళ్ళిందట, ఇంకో వైపు నుంచి మామ ఒక అట్టపెట్టెను చంకన పెట్టుకుని వచ్చాడట. దానికి కాళ్ళు లేవు, అరవదు, ఈనదు అని తెలిశాక మా అమ్మమ్మ అన్నం మానేసిందట. మామ ఆమెను ఓదారుస్తూ, "అవ్వా, దీనికి గాలికుంటు రోగం రాదు," అన్నాడట. ఆ మాట నిజమే. రాలేదు.

ఎందుకమ్మాడు అంటే, అదీ మేత కోసమే. కంప్యూటర్ అమ్మేవాడు స్విచ్ వేస్తే తెర మీద ఒక గుట్ట కనబడింది. నున్నటి పచ్చిక గుట్ట, పైన నీలం ఆకాశం, నాలుగు తెల్ల మబ్బులు. ఆ రోజుల్లో అన్ని కంప్యూటర్లలోనూ అదే బొమ్మ. మామకు ఆ సంగతి తెలియదు, తనకోసమే పెట్టారనుకున్నాడు. "ఇంత మేత ఉన్నది, ఒక్క గొర్రె లేదు. ఫారెస్టోడు గూడ లేడు," అని ఆశ్చర్యపోయి, అక్కడికక్కడే బేరం ఖాయం చేశాడు.

"మందిని చూడు, మందనమ్మితే పొలం కొంటరు," అనేది మా అత్త. "మీ మామ బొమ్మల గడ్డి జూసి మందనమ్మిండు."

ఆ బొమ్మను ఆయన చివరిదాకా మార్చలేదు. తాండూరు ఎండాకాలం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నాపరాళ్ళు, రాళ్ళ పొడి, ఆ పొడి కప్పుకుని తెల్లగా నిలబడ్డ చెట్లు. మే నెలలో ఆ సందు మొత్తానికి పచ్చగా ఉండేది మామ తెర ఒక్కటే.

ఆయన తమ్ముడు, మా చిన్నమామ, గొర్రెలను అమ్మలేదు. అంగడి రోజున తాండూరు వచ్చినప్పుడల్లా కర్ర గడప దగ్గర ఆనించి, షాపులో స్టూలు మీద కూర్చుని, తెర మీది గుట్టను కాసేపు పరీక్షగా చూసి మొదలుపెట్టేవాడు.

"అన్నా, నీది ఈసారన్న ఈనిందా?"

"ఇది ఈనేటిది గాదు రా."

"మరి ఉన్ని?"

"లేదు."

"పోనీ ఎరువు? రాత్రి ఎవని చేన్లనన్న మందవెడ్తె..."

"తమ్మీ, ఛాయ్ తాగి పో."

చిన్నమామ మంద అప్పటికి రెండింతలైంది. మామ కంప్యూటర్ ఒక్కటే ఉంది, అదీ ఏటేటా కాస్త నెమ్మదిస్తోంది. ఛాయ్ అయ్యాక తమ్ముడు లేస్తూ అనే ఆఖరి మాట ఎప్పుడూ ఒకటే: "పరేషాన్ గాకు అన్నా. అది పడిపోయిన్నాడు వచ్చేయ్. ఇంకో కర్ర ఉన్నది ఇంట్ల." ప్రేమతోనే అనేవాడు. అందుకే మామకు అంతగా గుచ్చుకునేది. ఆ రెండో కర్ర పట్టుకోకుండా ఉండడానికి ఆ డబ్బాను బతికించడమే ఆయన ఉద్యోగమైంది.

అసలు పని అత్త చేసేది. మామ గిరాకీతో మాట్లాడేవాడు, అత్త టైపు చేసేది. "సాయంత్రానికల్ల ఇస్త," అని మామ అనేవాడు, లోపల్నుంచి అత్త "ఏ సాయంత్రం?" అనేది. బషీరాబాద్ నుంచి కోట్‌పల్లి దాకా రెండు తరాల లగ్గాలు ఆమె వేళ్ళ కింద నుంచే పోయాయి. ఆమె నేర్చుకున్నది ఒకే ఒక తెలుగు అక్షరాల ప్రోగ్రాం. ఏ అక్షరం ఏ మీట కింద ఉంటుందో కళ్ళకు తెలియదు, వేళ్ళకే తెలుసు. కొత్త కంప్యూటర్లలో తెలుగు వేరే తీరుగా ఉంటుంది. ఒకసారి మా షాపులో కూర్చోబెట్టి చూపిస్తే, రెండు మాటలు కొట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అల్లుడా, ఇది నా చేతికి మొగుని చెయ్యి లెక్క లేదు," అంది. ఆ పోలిక బాగుందో లేదో నేను ఆలోచించలేదు.

ఆ పాత ప్రోగ్రాంను కొత్తదాంట్లోకి ఎక్కిద్దామంటే దానికొక తాళం ఉంది. నిజంగానే తాళం. వేలెడంత ప్లాస్టిక్ ముక్క, డబ్బా వీపున వెడల్పాటి రంధ్రంలో గుచ్చి ఉంటేనే తెలుగు వస్తుంది. తీస్తే, "తాళం కనబడలేదు" అని చెప్పి ప్రోగ్రాం మూసుకుపోతుంది. కొత్త కంప్యూటర్లకు ఆ రంధ్రమే లేదు. అమ్మినవాడు దుకాణం ఎత్తేసి ఎటో పోయాడు. అంటే లెక్క సాఫీ: ఆ డబ్బా ఉన్నన్నాళ్ళే ఆ అక్షరాలు, ఆ అక్షరాలు ఉన్నన్నాళ్ళే అత్త చేతిలో పని, ఆ పని ఉన్నన్నాళ్ళే మామకు కర్ర నుంచి విముక్తి.

ఇంత ముఖ్యమైన యంత్రాన్ని ఆయన ఎలా చూసుకునేవాడో చెప్పాలి. మంద అమ్మేటప్పుడు, ముందు నడిచే ముసలి గొర్రె మెడలోని గంట ఒక్కటి దాచుకున్నాడు. దాన్ని తెచ్చి డబ్బాకు కట్టాడు. కొన్నేళ్ళకు లోపలి ఫ్యాన్ అరిగి ఊగడం మొదలైంది. డబ్బా సన్నగా వణికేది, గంట ణిణిణిణి అని మోగేది. మామ సంబరం చూడాలి. సందులో ఎవరు పోతున్నా పిలిచి వినిపించేవాడు.

"ఇనవడుతుందా? గంట మోగుతుందంటె పాణమున్నట్టు."

"మామా, గంట మోగుతుందంటె ఫ్యాన్ బేరింగ్ పోయినట్టు," అన్నాను.

"నీకు రోగం తప్ప ఏం గనవడదు రా."

నా వృత్తే అది. వికారాబాద్ నుంచి రైలెక్కి వెళ్ళినప్పుడల్లా ఆ డబ్బాను విప్పి చూసి, దీని పనైపోయింది అని చెప్పి రావడం నాకు అలవాటు. ఒకసారి గట్టిగా వాదించాను. ఇన్నేళ్ళు ఏ కంప్యూటరూ నడవదని, నడిచినా దానికి విడిభాగాలు దొరకవని, ముసలిదైపోయిందని. మామ పత్రికలు మడత పెడుతూ అంతా విన్నాడు.

"అల్లుడా, అంగట్ల గొర్రెను ముసలిదని మొట్టమొదలు అనేటోడు ఎవడో ఎరికేనా?"

"ఎవరు?"

"కసాయోడు. పెంచినోడు అనడు. కొననీకి వచ్చినోడు అనడు. వాడే అంటడు." మడత మీద గోటితో గీశాడు. "లేకపోతె, పక్కన ఇంకో గొర్రెను పట్టుకోని నిలవడ్డోడు."

నేను పట్టుకుని నిలబడ్డది మా షాపు విజిటింగ్ కార్డు.

తాండూరులో దుమ్ము ఒక ఋతువు, అది ఏడాది పొడుగునా ఉంటుంది. బండలు కోసే మిషన్లు, మెరుగు పెట్టే మిషన్లు కలిసి ఊరంతటికీ పౌడర్ రాస్తాయి. డబ్బాలోకి పోయిన దుమ్మును మామ బ్రష్షుతో తీసేవాడు కాదు. స్కూటర్ ముందు నిలబెట్టుకుని పంక్చర్ షాపుకి తీసుకుపోయేవాడు. పంక్చర్ చాచా లారీ టైరుకు కొట్టే గాలిని దాని కడుపులోకి కొట్టేవాడు. తెల్లటి మబ్బు ఒకటి లేచి ఇద్దరి మీసాల మీదా వాలేది. "సాఫ్!" అనేవాడు చాచా. వచ్చేటప్పుడు స్కూటర్‌కి కూడా గాలి పట్టించుకుని వచ్చేవాడు, ఒక పని మీద పోయి రెండు చేసుకురావడం మామ పొదుపు. లారీ గాలికి కంప్యూటర్ ఎలా తట్టుకుందని నన్ను అడగకండి. నేను చదివిన కోర్సులో ఆ పాఠం లేదు.

ఒక ఏడు మాఘమాసంలో లగ్గాలు కుప్పలుగా ఉన్నాయి. నేను సెలవు పెట్టుకుని సాయానికి వెళ్ళాను. మామ పొద్దున్నే డబ్బాను గాలికి తీసుకుపోయి తెచ్చాడు. అత్త కూర్చుని స్విచ్ వేసింది. గుట్ట వచ్చింది, గంట మోగింది. ప్రోగ్రాం తెరిస్తే తాళం కనబడలేదంది. వెనక్కి తిప్పి చూస్తే వీపున రంధ్రం ఖాళీ.

దోమ అనే ఊరి నుంచి వచ్చిన పెళ్ళివాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మామ మెల్లగా నడుచుకుంటూ బయటికి పోయి, సందు మధ్యలో కూలబడ్డాడు.

"అయిపోయింది. నా బతుకు రోడ్డు మీద పడ్డది."

"మామా, రోడ్డు మీద పడ్డది తాళం," అన్నాను. "బతుకు షాపుల్నే ఉన్నది. లేచి దేవులాడు."

"నువ్వు నవ్వురా. గిప్పుడు వాడొస్తడు. ఇంకో కర్ర ఉన్నదంటడు."

అత్త గడపలోకి వచ్చింది. "ఆ కర్ర వచ్చేదాక ఆడ్నే కూసుంటవా? ఆటోలొస్తున్నయి, ఇటు జరుగు."

అందరం వంగి వెతికాం. పెళ్ళివాళ్ళు కూడా బెంచీ దిగి వచ్చారు, పత్రిక వాళ్ళదే కదా. పెళ్ళికొడుకు మేనమామ అయితే మురుగు కాలువలోకి చెయ్యి పెట్టాడు, అంత తొందర ఆ సంబంధం. తెల్లదుమ్ములో నలుపు ముక్క ఇట్టే కనబడాలి. కనబడలేదు. అలా వెతుక్కుంటూ పంక్చర్ షాపు దాకా వెళ్ళాం.

"చాచా, గింత ఉంటది, నల్లగ, ప్లాస్టిక్‌ది. జూసినవా?"

"నై భాయ్. ఏం గిరాకో ఏం పాడో, పొద్దుగాల్నుంచి పంపు తోటే సరిపోయింది. గియ్యాల మాత్రం గాలి మిషన్ మంచిగ నిలవడ్డది, ఊగుతలేదు."

మామ, నేను ఒకేసారి గాలి మిషన్ కాళ్ళ వైపు చూశాం. ఊగే కాలు కింద, నేలకూ ఇనుముకూ మధ్య, ముద్దుగా ఒదిగి కూర్చుని ఉంది తాళం.

తాండూరులో చెయ్యి చాపితే బండ ముక్క దొరుకుతుంది. కూర్చున్నా బండే, నిలబడ్డా బండే. ఊరంతా గదిలో, వాకిట్లో, గోడకు, బడికి బండలు పరిచి, మిగిలింది దేశం మీదికి పంపిస్తుంది. అలాంటి ఊళ్ళో మిషన్ కాలి కింద పెట్టడానికి చాచాకు దొరికింది మా అత్త తెలుగు.

తాళం లాగాం. మిషన్ మళ్ళీ చిందులు మొదలుపెట్టింది.

"అరె, మీరు దీస్కపోతె నాదెట్ల నడవాలె?" అన్నాడు చాచా, నిజంగా నొచ్చుకుని.

మామ వంగి కాళ్ళ దగ్గరి బండ ముక్క ఒకటి తీసి ఆ కాలి కింద పెట్టాడు. మిషన్ ఆగింది. చాచా దాన్ని ముందు నుంచీ వెనక నుంచీ చూసి, "హా, ఇది గూడ వస్తది," అన్నాడు.

ఆ సాయంత్రం పత్రిక వెళ్ళిపోయింది. మామ ఆ తాళాన్ని సుతిల్ తాడుతో చుట్టు మీద చుట్టు వేసి డబ్బాకు కట్టేశాడు. ఇంకా పెద్ద నిర్ణయం నేను తీసుకున్నాను. పోరు పెట్టి పెట్టి, మా షాపు నుంచి ఆయన చేత ఒక కొత్త కంప్యూటర్ కొనిపించాను. తెలుగుకు కాకపోయినా ఆన్‌లైన్ దరఖాస్తులకు, పరీక్షల ఫలితాలకు, కరెంటు బిల్లులకు పనికొస్తుందన్నాను. అట్టపెట్టె విప్పుతుంటే మామ గొంతుకూర్చున్నాడు. ముందు తడిమాడు, పక్కన తడిమాడు, వెనక తడిమాడు.

"నోరేది రా దీనికి?"

"కొత్తవాటికి ఉండది మామా. సీడీలు ఎవ్వరు వాడుతరు? అంత నెట్ల నుంచే."

"నోరు లేని జీవం ఏం మేస్తది?"

"గాలి."

స్విచ్ వేస్తే తెర మీద నీలం కిటికీ ఒకటి వచ్చింది. ఆయన ఆ కిటికీలోంచి అటూ ఇటూ చూసే ప్రయత్నం చేశాడు. గడ్డి పోచ కనబడలేదు. దాన్ని మూలన ఉన్న బల్ల మీద పెట్టించి, "నీ పిల్ల" అని పేరు పెట్టాడు. నా పిల్ల అంటే నేను తెచ్చిన గొర్రెపిల్ల.

పిల్ల బాగానే పనిచేసింది. కొన్నేళ్ళకే ఫోన్ వచ్చింది. "అల్లుడా, నీ పిల్ల ఏదో రాసిస్తుంది. జర వచ్చి చదువు."

వెళ్ళి చదివాను. పాత విండోస్‌కు ఇక సపోర్ట్ ఉండదు, కొత్త విండోస్ ఎక్కడానికి ఈ కంప్యూటర్‌కు అర్హత లేదు, ఇంకొకటి కొనుక్కోండి. ఇదీ సారాంశం. మర్యాదగానే రాశారు.

"ఏమంటుంది?"

"ముసలిదయిందంటుంది మామా."

మామ స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "నడుస్తలేదా?"

"నడుస్తుంది. మంచిగనే ఉన్నది."

"మరి ముసలిదని ఎవరన్నరు?"

"కంపెనీ."

"వచ్చి జూసిండ్రా?"

"లేదు."

"చెయ్యి వెట్టి జూసిండ్రా?"

"కూసున్న కాడి నుంచే చెప్తరు మామా. అందరికి ఒక్కటే సారి."

ఆయన పిల్ల ముఖం చూశాడు. నోరు లేని నున్నటి ముఖం. అప్పుడు తొడ చరిచాడు.

"సమజైంది! నోరు ఎందుకు దీసేసిండ్రో గిప్పుడు సమజైంది. మనం పండ్లు జూడొద్దని."

నవ్వాను. ఆ మాటలో సాంకేతికంగా ఎన్ని తప్పులున్నాయో, ఒప్పు కూడా అంతే ఉంది. పక్క బల్ల మీద పాత డబ్బా గంట మోగించుకుంటూ పత్రికలు కొడుతోంది. దాని విండోస్‌కి సపోర్ట్ ఎప్పుడో ఆగిపోయింది. కాకపోతే దానికి నెట్ కనెక్షన్ లేదు, తను చచ్చిపోయిన కబురు దానిదాకా చేరలేదు.

"సంచిల ఏమున్నది రా?" అన్నాడు మామ.

"ఏం లేదు."

కొత్త మోడళ్ళ ధరల కాగితం ఉంది. ఆయనకు తెలుసు. అత్తకు కూడా తెలుసు. "పాపం, రైలు ఛార్జీ అన్న రావాలె గదా పిలగానికి," అని ఛాయ్ తెచ్చి పెట్టింది.

అప్పటికి మామకే పళ్ళు లేవు. కట్టుడు పళ్ళు చేయించుకుని, వాటిని కీబోర్డ్ పక్కన గ్లాసులో ఉంచేవాడు. గిరాకీ వస్తే పెట్టుకునేవాడు, పోతే తీసేవాడు. పెళ్ళిళ్ళ సీజన్‌లో రోజంతా పెట్టుకోవాల్సి వచ్చేసరికి చిరాకుపడేవాడు.

"నీ లెక్కన జూస్తె, నిన్ను ఏనాడో అంగడికి తోలాలె," అనేది అత్త, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"తోలు. కట్టుడు పండ్లు జూసి ఎవడు కొంటడు?"

"అదే గదా నా ఫికర్. కొనేటోడు లేకనే ఉంచుకున్న."

"గదే గదా నా ధీమా," అనేవాడు మామ, గ్లాసులో పళ్ళను ఒకసారి గిలకరించి.

పోయినేడు గుండె నొప్పి వస్తే వికారాబాద్‌లో డాక్టర్‌కి చూపించాను. ఆయన అన్నీ పరీక్షగా చూసి, షాపు మానేసి విశ్రాంతి తీసుకోవాలన్నాడు. మామ వినయంగా, "సారూ, ఇంక ఎన్నేండ్లొస్తది?" అన్నాడు, మా షాపులో సారు అడిగినట్టే. డాక్టర్ నవ్వి, అలా చెప్పలేమన్నాడు. బయటికొచ్చాక మామ నా భుజం పట్టుకుని నడుస్తూ, "మంచోడే రా," అన్నాడు. "ముసలిదని అనలే." రైలెక్కి తాండూరు పోయి, మర్నాడు షాపు తెరిచాడు.

తెర మీది పచ్చిక చూస్తూ, చూస్తూ, కుర్చీలోనే ఒరిగిపోయాడని మా బంధువులు చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళు కళ్ళు కూడా తుడుచుకుంటారు. అబద్ధం. పప్పుచారు తిని, పంపు దగ్గర చెయ్యి కడుక్కుంటూ పోయాడు. పచ్చిక అప్పుడు లోపల ఉంది, చూసేవాళ్ళు లేక.

పదకొండో రోజు అయ్యాక అత్త షాపు తెరుస్తానంది. వెంట నేను, చిన్నమామ, ఇంకా నలుగురు చుట్టాలు వెళ్ళాం. అన్ని రోజులు మూసి ఉన్న గదిలో ప్రతి దాని మీదా వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. అత్త స్విచ్ వేసింది. గుట్ట వచ్చింది. గంట మోగలేదు. కాసేపటికి తెర నల్లబడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ గుట్ట, మళ్ళీ నలుపు.

ఒక చుట్టపామె ముక్కు చీదింది. "యజమాని తోటే పోయింది సూడుండ్రి. మూగజీవానికున్న ఇశ్వాసం మనిషికుంటదా?"

"ఫ్యాన్ జామైంది," అన్నాను. "వేడెక్కి ఆగిపోతుంది."

ఆమె నన్ను చూసిన చూపుకు నాక్కూడా ఏదో జామైంది.

చిన్నమామ గొంతు సవరించుకున్నాడు. ఈసారి వేళాకోళం లేదు. "వదినా, ఇంక చాలు. ఊరికి రా. అన్నను అడిగినట్టు నిన్ను కర్ర పట్టమంటనా? ఇంట్ల కూసుందువు. దీని ముచ్చట ఒడిసింది."

అత్త నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు అల్లుడా. షాపుల పని చేసెటోనివి. ఇది ఇంక వస్తదా, రాదా?"

ఆ డబ్బాను చూసిన ప్రతిసారీ నేను చెప్పిన తీర్పు ఒకటే. దాన్ని ఇంకొకసారి చెబితే సరిపోతుంది. షాపు మూసుకుంటుంది, చుట్టాలు నిట్టూరుస్తారు, అత్త బషీరాబాద్ ఆటో ఎక్కుతుంది, మరిది ఇంట్లో గౌరవంగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. చెబుదామని డబ్బా ముందు గొంతుకూర్చున్నాను. మీట నొక్కాను. అర బయటికి రాలేదు. అత్త వచ్చి, అది మొరాయించినప్పుడు మామ కొట్టే చోటే, పక్కడొక్కలో, అరచేత్తో ఒక్కటేసింది. నాలుక బయటపడింది. లోపల దుమ్ముంది.

"ఏం జూస్తున్నవ్?" అన్నాడు చిన్నమామ. గొర్రె నోట్లో ఏం చూస్తారో ఆయనకు చెప్పాలా. "ముసలిదే గదా?"

"మొదలు నేననను మామా."

చిన్నమామ ఆ మాట ఎక్కడిదో గుర్తుపట్టాడు. అంగట్లో పుట్టిన మాటే కదా. తల దించుకుని మీసం తుడుచుకున్నాడు.

దానికి సరిపోయే ఫ్యాన్ ఇప్పుడు ఎక్కడా అమ్మరు. నేను మూలన ఉన్న పిల్లను చూశాను. పిల్లకు లోపల రెండున్నాయి. అత్త నా చూపును పట్టుకుంది.

"తీస్తె అది సస్తదా?"

"సావదు. జర ఎగపోస్తది. ఎట్లైన కంపెనోళ్ళు దాన్ని సచ్చిపోయిందనే అన్నరు."

"తియ్యి."

విప్పాను. పిల్ల పక్కటెముకలోంచి ఒక ఫ్యాన్ ఊడదీసి తల్లి కడుపులో బిగించాను. మరలు కుదరకపోతే సుతిల్‌తో కట్టాను, ఆ ఇంటి పద్ధతి అదే. చుట్టాలు గుడ్లప్పగించి చూస్తున్నారు.

"పిల్లను కోసి తల్లికి వెడుతున్నవ్ గదరా," అన్నాడు చిన్నమామ.

అత్త అప్పుడు నవ్వింది, పదకొండు రోజుల తర్వాత. "ఈనిందా, ఈనిందా అని పాణం దీస్తివి గదా మరిదీ. ఇగో, ఈనలే. పక్కదాని పిల్లను తిన్నది."

స్విచ్ వేసింది. ఫ్యాన్ తిరిగింది, చప్పుడే లేదు. వణుకు లేదు కాబట్టి గంట మోగలేదు. గుట్ట వచ్చింది, నిలబడింది, పోలేదు. అత్త ప్రోగ్రాం తెరిచింది. తాళం కనబడింది, అక్షరాలు వచ్చాయి.

చిన్నమామ కర్రను ఈసారి గడప దగ్గర ఆనించలేదు, చేతిలోనే ఉంది. దాని మీద గడ్డం ఆనించి తెర వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్నేండ్ల సంది మేపిండు అన్న," అన్నాడు. "గడ్డి జర గూడ తగ్గలే."

ఇలాంటి చోట ఒక మాట విసిరి గాలి తీసేయడం నా పని. ఈసారి వంగి కింద పడ్డ మరలు ఏరుకున్నాను.

అత్త కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. డబ్బాకు వేలాడుతున్న గంటను చూపుడువేలితో ఒక్కసారి కొట్టింది, సందులోకి వినబడేలా.

"మరిదీ, జర పక్కకు జరుగు," అంది. "ఎలుగుకు అడ్డమున్నవ్. కోట్‌పల్లోళ్ళ లగ్గం పత్రిక ఇయ్యాలనే ఇయ్యాలె."